వద్దన్న పీఠం

సెప్టెంబరు ఆఖరు, మిఖాయేలు పండుగ

మఠాధిపతి తుర్వోల్డ్ గారిని ఇవాళ మట్టిలో పెట్టాం. వాన కురుస్తూనే ఉంది. గోతిలో నీళ్ళు తోడిపోసిన కొద్దీ ఊరాయి. ఈ ఎల్వర్సీ లంకలో బతికినన్నాళ్ళూ తడిసే తిరిగిన మనిషికి చచ్చాక కూడా పొడినేల దొరకలేదు. బాగా ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఈ మఠంలో ఆయన పెద్ద అయితే నేను రెండో పెద్దని. జుట్టు నెరిసేదాకా రెండో పెద్దనే.

ఆయన తరువాత ఎవరన్న ఆలోచన నాకు రాలేదు. ఆఖరి పార మట్టి పడేదాకా రాలేదు.

మర్నాడు

ఇలా ఎవరికీ చూపకుండా రాసుకోవడం తప్పే. మఠంలో ఎవరికీ సొంతమన్నది ఉండకూడదు. అయితే ఇవి గ్రంథాలకు పనికిరాక కత్తిరించి పారేసిన తోలుముక్కలు. చెత్త ఎవరికీ సొంతం కాదు కదా. ఈ వాదన పైలోకంలో చెల్లుతుందో లేదో తెలియదు గానీ ఇక్కడ మాత్రం చక్కగా చెల్లింది.

అక్టోబరు మొదట్లో

అధిపతిగారి గదిలో మంచం కొలిచాను. దుమ్ము దులపడానికి.

రెండు రోజులకి

కబురు వచ్చింది. మా మఠాన్ని రాజుగారు బిషప్పు పీఠం చేస్తారట. ఇక మా గుడి కేథడ్రల్. అధిపతి అనే పదవే ఉండదు. ఆ కుర్చీలో బిషప్పు కూర్చుంటాడు, మేము ఎప్పటిలాగే ప్రార్థనలు చేసుకుంటూ ఆయన కింద ఉంటాం. సన్యాసులు తమలో ఒకరిని ఎన్నుకుంటే ఈ ఒక్కసారికి అభ్యంతరం లేదని కూడా అన్నారట. ఎన్నిక చూసి రాసుకుపోవడానికి రాజుగారి గుమాస్తా ఒకాయన వస్తున్నాడు.

మా వంటిల్లూ సరుకుల కొట్టూ చూసే సిరిక్ ఈ మాట విని పరిగెత్తుకొచ్చాడు. నేనూ అతనూ ఒకే ఏడాది తల గొరిగించుకున్నవాళ్ళం. నా దగ్గర అతనికి భయం లేదు, భక్తి అసలే లేదు.

"ఇంకేం వుల్మారన్నా! కుండెడు అడిగితే కడివెడు పోశాడు దేవుడు. అధిపతివి అవుతావనుకుంటే ఏకంగా బిషప్పువే!"

"ఊరుకో సిరిక్. నాకట్లాంటి ఆశలేం లేవు."

"లేవులే. ఆ మంచం కొలిచింది నేను కదూ!"

మంచం సంగతి ఇతనికెలా తెలిసిందో.

అక్టోబరు, ఒక మామూలు రోజు

పొద్దున సభలో మా పూర్వపు పెద్దల చరిత్రలు చదివించాను. ఎన్నిక ముందు చదవడం ఆనవాయితీ. చిన్నప్పటినుంచీ విన్నవే, అయినా ఇవాళ చెవులు రిక్కించి విన్నాను.

మా దగ్గర పెద్దగా ఎన్నికైనవాడు సరేనని చెప్పకూడదు. అన్నాడా, వాడికి గర్వం తలకెక్కిందని అర్థం. వద్దనాలి, నేను పాపినని ఏడవాలి, పారిపోవాలి. తక్కినవాళ్ళు పట్టుకుని, ఈడ్చుకొచ్చి పీఠం మీద కుదేయాలి. ఈ మఠం కట్టించిన తల్లి టిల్బుర్గా తుంగలో దాక్కుంటే ఆవు చూసి అరిచిందట. ఆమె తరువాత వచ్చిన బ్రిత్‌మార్ గారు స్తంభాన్ని వాటేసుకుని వదల్లేదట. ఆ స్తంభం మీద ఆయన గోళ్ళ గుర్తులు ఇప్పటికీ చూపిస్తాం. అవి తాపీవాడి ఉలి దెబ్బలని సిరిక్ అంటాడు. ఇక మా తుర్వోల్డ్ గారైతే పాముచేపలకు పొగ పెట్టే గుడిసెలో దూరారు. దగ్గు ఆపుకోలేక దొరికిపోయారు. పీఠం ఎక్కిన రోజున ఆయన్నుంచి కమ్మటి చేపల వాసన వచ్చేదని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

తుంగ అయిపోయింది, స్తంభం అయిపోయింది, పొగగుడిసె అయిపోయింది. నాకేం మిగిల్చారు వీళ్ళు? పోటీ అని కాదు. ఊరికే అనుకున్నాను.

మర్నాడు

ఉల్లిమడి దగ్గర ఎవరూ లేని సమయం చూసి కొంచెం సాధన చేశాను. "అయ్యో, నావంటి పాపికా!" అంటుంటే గొంతు కీచుమంటోంది. కాస్త కిందికి దింపాలి.

వెనక నుంచి సిరిక్ నవ్వాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో!

"అన్నా, నీకు ఆవేశం ఎక్కువ. నా మాట విను. రెండుసార్లు వద్దను. మూడోసారి అడిగినప్పుడు మాత్రం తల దించుకుని ఊరుకో. మిగతాది మేం చూసుకుంటాం. బరువెక్కావు కాబట్టి లాగడానికి గట్టివాళ్ళను పురమాయిస్తాను."

"నేను నిజంగా వద్దంటేనో?"

"అప్పుడు మఠం ఎవడో బయటివాడి పాలవుతుంది. ఎవడో దొర వస్తాడు. మన పాట రాదు, మన మాట రాదు, మన చేప గొంతు దిగదు. నీ సొంత వేషాలు ఎన్నైనా వెయ్యి అన్నా, మా కొంప మాత్రం ముంచకు."

అతని కళ్ళలో నవ్వు లేదు. భుజం తట్టి పంపాను. ఇంతమంది నన్నే నమ్ముకున్నారంటే గుండె నిండిపోయింది. ఆ తరువాత మళ్ళీ ఉల్లిమడిలోకే వెళ్ళాను.

లూకా పండుగకు ముందు

గుమాస్తా దిగాడు. పేరు గోజ్‌బర్ట్. పొట్టి మనిషి, ఎర్రబడ్డ ముక్కు, కాళ్ళకు మా బురద మోకాళ్ళ దాకా. సముద్రం అవతలి నార్మండీ వాడే గానీ మా మాట బాగానే మాట్లాడతాడు. విన్నది విన్నట్టు రాస్తాడట, ఒక్క ముక్క కలపడు, తీయడు. అందుకే రాజుగారికి అతనంటే గురి.

అతిథుల గదిలో భోజనానికి కూర్చోబెట్టాను. పాముచేపను కత్తి మొనతో అటూ ఇటూ దొర్లించాడు గానీ తినలేదు.

"మా పాపకి ముందుపన్ను ఊడిందండీ పెద్దయ్యగారూ," అన్నాడు ఉన్నట్టుండి. "నేను ఇల్లు చేరేసరికి కొత్తది వచ్చేస్తుందేమో. ఆ బోసినవ్వు మళ్ళీ చూడాలని ఉంది. మా ఆవిడ హవీస్‌కి చెప్పొచ్చాను, నేనొచ్చేదాకా ఆ పన్నును రానివ్వకు అని."

"దైవకార్యం మీద తిరిగేవారికి ఇంటి ధ్యాస దేనికి?" అన్నాను గంభీరంగా.

"నేను రాజకార్యం మీద తిరుగుతానండీ. రాజుగారి పని అయిపోగానే ఇల్లు గుర్తొస్తుంది." అని నవ్వేశాడు.

ఈ గుమాస్తాలు చర్చి కొలువులో కింది మెట్టువాళ్ళే, అందుకని వీళ్ళకు పెళ్ళాం బిడ్డలు ఉండొచ్చు. పాపం, అల్పసంతోషి. అతన్ని చూస్తే జాలి వేసింది. రేపు నన్ను చూసి ఎంత ఆశ్చర్యపోతాడో!

లూకా పండుగ

ఇవాళ రాయలేను.

ఆ మర్నాడు

ఇవాళా రాయలేను గానీ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

అంతా సవ్యంగానే మొదలైంది. అందరూ ఒక్క గొంతుతో నా పేరే చెప్పారు. గోజ్‌బర్ట్ కలం ముంచి కూర్చున్నాడు. మొదటిసారి వద్దన్నాను, బాగానే వచ్చింది. రెండోసారి అన్నప్పుడు కన్నీళ్ళు వాటంతట అవే దిగాయి, ఉల్లిపాయ అక్కర్లేకుండానే. వెనక వరుసలో ఎవరో వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. సిరిక్ పురమాయించిన గట్టివాళ్ళు అంగీ చేతులు పైకి మడిచి ముందుకు జరిగారు.

మూడోసారి అడిగారు. తల దించుకోవాలి. అంతే. పసివాడైనా చేయగల పని.

సరిగ్గా అప్పుడే చూశాను. గోజ్‌బర్ట్ రాయడం ఆపేశాడు. కలం పైకెత్తి, నోరు కొంచెం తెరుచుకుని, నన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో నా మాట విని ఎవరూ చేస్తున్న పని ఆపలేదు. తుర్వోల్డ్ గారైతే నేను మాట్లాడుతుంటే కునుకు తీసేవారు. ఆ చూపుకి నా ఒళ్ళు తేలిపోయింది. కాళ్ళు వాటంతట అవే బలిపీఠం దగ్గరికి నడిచాయి. తల్లి టిల్బుర్గా ఎముకలు భద్రపరిచిన పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కిందికి దింపిన గొంతుతో అన్నాను:

"ఈ తల్లి ఎముకల సాక్షిగా చెబుతున్నాను. ఈ పీఠం మీద నేను కూర్చోను!"

గుడి అంతా ప్రతిధ్వనించింది. చాలా బాగుందనుకున్నాను. సిరిక్ ముఖం చూశాను. ఏం చేశానో అప్పుడు తెలిసింది.

వెనకటి పెద్దలు ముగ్గురూ ఏడ్చారు, దాక్కున్నారు, గోళ్ళతో గీరారు. ఎముకల మీద ఒట్టు మాత్రం ఎవరూ వేయలేదు. ఎందుకు వేయలేదో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

సిరిక్ ముందుకు వచ్చాడు. "దొరగారూ, మా దగ్గర వద్దంటే వద్దని కాదండీ. అదొక మర్యాద."

"మా దగ్గరా అంతేనండీ," అన్నాడు గోజ్‌బర్ట్, వంగి దండం పెట్టుకుంటూ. "కానీ ఎముకల మీద కూడా మర్యాదకి ఒట్టు వేస్తారా?"

సిరిక్ ఏం చెబుతాడు? వేస్తామంటే దైవద్రోహం.

"ఈయన్ని బలవంతంగా కూర్చోబెడితే ఒట్టు తప్పించిన పాపం నా మెడకు చుట్టుకుంటుంది. విన్నది విన్నట్టు రాస్తానండీ. అంతకంటే నాకేం తెలియదు," అని రాసేశాడు. ఇసుక చల్లి ఆరబెట్టాడు కూడా.

ఇవాళ పొద్దున వెళ్ళిపోతూ నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. "చాలా ఎన్నికలు చూశానండీ పెద్దయ్యగారూ. అందరూ వద్దంటారు. నిజంగా వద్దన్న మనిషిని మిమ్మల్నొక్కరినే చూశాను. మా హవీస్‌కి చెబుతాను మీ గురించి."

అతి వినయం ధూర్త లక్షణం అంటారు. నా విషయంలో మూర్ఖ లక్షణమని మార్చి చెప్పుకోవాలి.

రెండు రోజులకి

సిరిక్ ఇవాళ్టికి నోరు విప్పాడు.

"మొహమాటానికి పోతే కడుపొచ్చిందట. నువ్వు మొహమాటానికి కూడా పోలేదన్నా. మెప్పుకి పోయావు."

ఒట్టును విప్పే అధికారం ఆర్చిబిషప్పుకి ఉందేమో అన్నాను. ఉందిట. కానీ అడగాలంటే, నేను ఊరికే అన్నాను, అబద్ధమాడాను అని అందరి ముందూ చెప్పుకోవాలిట. ఆలోచిస్తానన్నాను.

ఆలోచించాను. చెప్పలేను.

నవంబరు, సకల పునీతుల పండుగ

నాకేం బాధ లేదు. లంక చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం నన్ను చూడ్డానికి వస్తున్నారు. పీఠాన్ని కాలదన్నిన మహానుభావుడట! ఒక ముసలమ్మ నా అంగీ అంచు కళ్ళకద్దుకుని, చలిజ్వరంతో మూలుగుతున్న మనవరాలి తల మీద నా చెయ్యి పెట్టించుకుంది. పెట్టాను. పెట్టనంటే ఆమె బాధపడుతుంది కదా.

మార్టిన్ పండుగ

చలికాలం నిల్వకని అన్నిచోట్లా పందులను కోస్తున్నారు. మాకు మాంసం నిషిద్ధం, జబ్బు చేసి పడకేస్తే తప్ప. జబ్బు చేసిందని పడకేశాను. రెండుసార్లు వడ్డించుకున్నాను. నాకేం బాధ లేదు.

నవంబరు చివర

పడవవాళ్ళు తెచ్చిన వార్త సిరిక్ వినిపించాడు. గోజ్‌బర్ట్ విన్నది విన్నట్టు చదివాడట. వేటలో ఏమీ దొరక్క చిరాకు మీదున్న రాజుగారు, "ఇన్నాళ్ళకు ఒక నిజాయితీపరుడు దొరికాడని తెగ మురిసిపోతున్నావు కదా. ఆ నిజాయితీ నీకూ ఉంది. వెళ్ళి నువ్వే కూర్చో ఆ పీఠం మీద!" అన్నారట. అందరూ నవ్వారట. మర్నాడు చూస్తే రాజముద్ర పడింది.

నాకూ నవ్వొచ్చింది. పాముచేప తినని బిషప్పు! కడుపు పట్టుకుని నవ్వాను. తరువాత అడిగాను, "అతనికి పెళ్ళాం బిడ్డ ఉన్నారు కదా?"

"ఉంటే? బిషప్పు కాగానే ఉండరు. ఆమెను ఏ కన్యల మఠంలోనో చేరుస్తారు. పిల్లను ఎవరో బంధువుల ఇంటికి పంపుతారు. మామూలే." అని ఆగాడు సిరిక్. "అన్నా, రెండో పెద్దవు నువ్వు. కొత్తాయన వద్దన్నప్పుడు చెయ్యి పట్టి పీఠం మీదికి లాగాల్సింది నువ్వే."

గట్టిగానే లాగుతాను. ఇదొక్కటన్నా మిగిలింది నాకు.

డిసెంబరు, లూసీ పండుగ

ఆర్చిబిషప్పు వచ్చారు. రాజుగారి తొందర మీద, గుమాస్తాని గురువుని చేసే పట్టం, బిషప్పు పట్టం అన్నీ ఒక్క పొద్దునే కట్టేస్తారట. గుడి కిక్కిరిసింది. నేను బాగా ఉతికిన అంగీ వేసుకున్నాను.

గోజ్‌బర్ట్ మునుపటి కంటే చిక్కాడు. లోపలికి నడిచొస్తూ జనంలో నన్ను వెతుక్కున్నాడు. కనబడగానే తల ఊపాడు. ఎందుకో తెలియలేదు. నేనూ ఊపాను.

పీఠం ముందు అడిగారు. "నాకు వద్దండీ. నాకు ఇల్లుంది," అన్నాడు. అంతే! కన్నీళ్ళు లేవు, పాపి అన్న మాట లేదు, గొంతు పైకి లేవనే లేదు. ఇంత చేతగాని వద్దు నేనెక్కడా వినలేదు. వెనక ఎవరో నవ్వారు కూడా. రెండోసారి అడిగారు. మళ్ళీ అదే మాట. "ఇల్లుందండీ." పాపం, నేర్పించేవాళ్ళు లేరు అనుకున్నాను.

మూడోసారి అడిగారు. అతను నావైపు చూసి, బలిపీఠం వైపు తిరిగాడు. ఎముకల పెట్టె మీదికి చెయ్యి చాపాడు.

నాకు అర్థమైంది. ఆ గుడి మొత్తంలో అర్థమైంది నాకొక్కడికే. ఆ చెయ్యి పెట్టెకు తగిలి ఒక్క మాట బయటికొస్తే ఇతను ఇంటికి వెళ్ళిపోతాడు. ఇతను వేషం వేయడం లేదు. నేను ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. నిలబడి ఉండటమే నా పని. అది కూడా పసివాడు చేయగల పనే.

కానీ గుడి గుడంతా నన్నే చూస్తోంది. పీఠాన్ని కాలదన్నిన మహానుభావుడు ఇప్పుడేం చేస్తాడా అని చూస్తోంది. ఆర్చిబిషప్పు కూడా మెడ చాచారు. నా కాళ్ళు మళ్ళీ వాటంతట అవే నడిచాయి. పెట్టెకు జానెడు దూరంలో అతని మణికట్టు పట్టేసుకున్నాను.

"వదలండి పెద్దయ్యగారూ," అన్నాడు చెవిలో. "మీరు వదలండి."

విన్నాను. వినపడలేదని రాసుకోవచ్చు, ఈ తోలుముక్కలు ఎవరూ చదవరు. కానీ విన్నాను. విని కూడా, "దైవచిత్తానికి ఎదురు చెప్పకు!" అని గుడి మారుమోగేలా అరిచాను. గొంతు బాగా పలికింది. లాగాను. గట్టివాళ్ళు అందుకున్నారు. కుదేశాం. జనం జేజేలు కొట్టారు. గంటలు మోగాయి. "ఏం త్యాగమయ్యా, ఏం గురువయ్యా!" అని ముసలివాళ్ళు నన్ను చూపించి ఏడ్చారు.

పీఠం మీద అతను కాళ్ళు నేలకు ఆనక అలా వేలాడేసుకుని కూర్చున్నాడు. తుర్వోల్డ్ గారి పొడుగుకు చేసిన కుర్చీ అది.

మర్నాడు

సిరిక్ ఇవాళ నన్ను అన్నా అనకుండా పెద్దయ్యగారూ అని పిలిచాడు. అదే భయంగా ఉంది.

మొదటిసారి నా పిచ్చికి పోయింది నా కుర్చీ. మఠానిది కూడా పోయింది, సరే. ఈసారి పోయింది ఇంకొకడి ఇల్లు. రెండుసార్లూ ఎవరూ నన్ను తోయలేదు. చూస్తున్నారు, అంతే. నలుగురు చూస్తుంటే నా చెయ్యి నా మాట వినదు. దీన్ని నేను ఇన్నేళ్ళూ భక్తి అనుకున్నాను.

సాయంత్రం

రేవు దగ్గర ఒక ఆడమనిషి, పక్కన చిన్న పిల్ల. కప్పుకున్నది తడిసి ముద్దయింది. ఎవరో అడగక్కర్లేకపోయింది. పిల్లకు ముందుపళ్ళ సందులో కొత్త పన్ను సగం మొలిచింది.

నన్ను చూసి ఆమె లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పెద్దయ్యగారు మీరేనా?"

అవునన్నాను.

"ఆయన ఇంటి దగ్గర చెప్పారండీ. భయపడకు హవీసూ, అక్కడ నిజంగా వద్దన్న మనిషి ఒకాయన ఉన్నాడు, నా వద్దు ఆయనకి అర్థమవుతుంది, నన్ను విడిపిస్తాడు అని. అందుకే మమ్మల్ని కూడా తీసుకొచ్చారు, తిరుగుదారిలో కలిసి పోదామని."

ఆమె ముఖంలో కోపం లేదు. నేను ఎవరినో సరిగ్గా పోల్చుకోవాలన్నట్టు చూస్తోంది. నేను చెప్పడానికి చాలా మాటలు ఉన్నాయి. జీవితమంతా మాటలే కదా. చుట్టూ చూశాను. పడవవాడు తాడు విప్పుకుంటున్నాడు. మమ్మల్ని చూసేవాళ్ళెవరూ లేరు.

పడవ ఎక్కడానికి చెయ్యి అందించాను. ఆమె పట్టుకోలేదు. పిల్లను ఎత్తుకుని, నీళ్ళల్లోకి దిగి తానే ఎక్కింది.